తవ్వకంలో బండ తగిలితే: అంచనాలో లేని యంత్రం ఖర్చును అదుపులో ఉంచుకోవడం ఎలా

పునాది గుంతలు తవ్వుతున్న మూడో రోజు మధ్యాహ్నం మేస్త్రీ ఫోన్ చేసి "సార్, కింద బండ తగిలింది, జేసీబీ పన్ను దిగడం లేదు" అన్నాడంటే, అంతవరకు మీ చేతిలో ఉన్న అంచనా పత్రం ఆ క్షణం నుంచి పాతబడినట్టే. కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఇళ్లు కట్టేవారికి ఈ ఫోన్ కొత్త కాదు. హైదరాబాద్ కూర్చున్నదే గ్రానైటు మీద, అయితే ఆ గ్రానైటు ఒక స్థలంలో రెండడుగుల్లోనే పలక బండగా ఎదురై, ప్రహరీ అవతలి స్థలంలో పదిహేను అడుగుల మొరం కింద దాక్కుని ఉండవచ్చు. భీమవరం, అమలాపురం వైపు ఇదే కష్టం నీటి రూపంలో వస్తుంది. అక్కడ నాలుగైదు అడుగులు తవ్వగానే ఊట మొదలై, అంచనాలో లేని మోటార్లు రాత్రింబవళ్లు నడవవలసి వస్తుంది. గుంటూరు నల్లరేగడిలోనైతే ఇంజనీరు మామూలు పునాది వద్దని పైల్ పునాది (నేలలోకి లోతుగా దింపే స్తంభాల పునాది) సూచించినప్పుడు, రంధ్రాలు తొలిచే ఆగర్ యంత్రం కావలసి వస్తుంది. ఎక్కడైనా లెక్క వేసే పద్ధతి ఒక్కటే కాబట్టి, నాకు బాగా అనుభవమున్న బండ ఉదాహరణతోనే దానిని వివరిస్తాను.

ఇలాంటి సమయంలో చాలామంది చేసే పొరపాటు ఖరీదైన యంత్రాన్ని తెచ్చుకోవడం కాదు, గంట అద్దె ఎంత అని మాత్రమే అడిగి యంత్రాన్ని పిలవడం. యంత్రం గంట అద్దెకు, ఆ యంత్రం వల్ల పనిమీద పడే మొత్తం ఖర్చుకు మధ్య ఉన్న దూరం ఎంతో ముందుగా కాగితం మీద చూసుకున్నవారు నష్టపోవడం అరుదు.

యంత్రాన్ని పిలవకముందు

మొదట చేయవలసింది తవ్వకం ఆపి కొలతలు తీయడం. బండ ఏయే గుంతల్లో ఉంది, ఎంత లోతులో మొదలైంది, ఇంకా ఎంత లోతు పోవాలి అన్నవి టేపుతో, వీలైతే లెవెల్ యంత్రంతో కొలిచి, గుంత నంబరు కనిపించేలా కొలబద్ద (లెవెలింగ్ స్టాఫ్) నిలబెట్టి ఫోటోలు తీసి, ఇంటి యజమానిని లేదా ఆయన తరఫు ఇంజనీరును సైటుకు పిలిచి ఆ కొలతల మీద సంతకం తీసుకోవాలి. ఇది గంటన్నర పని. దీన్ని వదిలేసి నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. పని ఆగకూడదన్న ఆత్రంలో రెండు రోజుల్లో బండ మొత్తం పగలగొట్టించి, నెలాఖరు బిల్లులో చూపించినప్పుడు యజమాని అడిగిన ప్రశ్న చాలా చిన్నది: "ఎంత బండ ఉండేదో చూపించండి." చూపించడానికి ఏమీ మిగలలేదు, ముక్కలు కూడా అప్పటికే ట్రాక్టరెక్కి వెళ్లిపోయాయి. పగిలిన బండకు సాక్ష్యం పగలకముందు తీసిన కొలత మాత్రమే.

బండ రకం కూడా అప్పుడే రాసుకోవాలి. కొలతల విషయంలో మన ప్రభుత్వ శాఖలు అనుసరించే భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 మొదటి భాగం తవ్వకాన్ని మెత్తని నేల, గట్టి నేల, మెత్తని రాయి, గట్టి రాయి అని విడదీయడమే కాక, పేలుడుతో తీయగల గట్టి రాయిని, పేల్చడం నిషేధించిన చోట తీయవలసిన గట్టి రాయిని వేరువేరుగా చూపుతుంది. ఇళ్ల మధ్య పేలుడుకు అవకాశం దాదాపు లేదు. పేలుడు పదార్థాల నియమాలు, 2008 ప్రకారం లైసెన్సు, అర్హుడైన వ్యక్తి పర్యవేక్షణ, అనుమతులు అన్నీ కావాలి. కాబట్టి మన చేతిలో ఉండేవి ట్రాక్టరుకు బిగించిన కంప్రెసర్ (గాలి ఒత్తిడితో బండను పొడిచేది), బ్రేకర్ అనే పెద్ద సుత్తి తగిలించిన ఎక్స్‌కవేటర్ (మన సైట్లలో ప్రొక్లెయిన్ అనే పిలుస్తారు), రంధ్రాల్లో పోసిన పొడి ఉబ్బి బండను చీల్చే రసాయన పద్ధతి, పెద్ద తవ్వకాల్లో వజ్రపు తీగ కోత. చిన్న ఇంటికి సాధారణంగా మొదటి రెండింటి మధ్యే ఎంపిక ఉంటుంది.

రెండో పని, ఆగిన రోజు మీకు ఎంత ఖర్చవుతుందో తేల్చుకోవడం. దీన్ని లెక్క వేసే కాంట్రాక్టర్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు. ఒక మామూలు ఇంటి పని ఆగితే, వేరే సైటుకు వెళ్లిపోకుండా నిలుపుకోవడానికి కమ్మీ పనివాళ్లకు ఇచ్చే కూలి రోజుకు 2,400 రూపాయలు, సూపర్‌వైజరు జీతం 1,000, వాచ్‌మన్‌కు 600, అప్పటికే తెచ్చిపెట్టిన సెంట్రింగ్ రేకుల అద్దె 500 అనుకుందాం. మొత్తం 4,500, ఇదే ఒక రోజు నిలుపుదల ఖర్చు. మీ సైటుకు ఈ అంకెలు వేరుగా ఉంటాయి, కానీ అంకె ఉండాలి. అది లేకుండా "రెండు రోజులు ఆలస్యమైతే ఏముంది" అనేవారూ, "ఎంతైనా సరే రేపే యంత్రం రావాలి" అనేవారూ ఇద్దరూ కళ్లు మూసుకుని నడుస్తున్నట్టే.

ఒక లెక్క పూర్తిగా

పద్నాలుగు గుంతల్లో ఐదింటిలో, వాటితోపాటు నీటి సంపులో బండ తగిలిందనుకుందాం. గుంత ఒక్కొక్కటి 1.8 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, ఇంకా పోవలసిన లోతు 0.9 మీటర్లు అయితే ఐదింటిలో కలిపి సుమారు 14.6 క్యూబిక్ మీటర్లు. సంపు 3 మీటర్ల పొడవు, 2.5 వెడల్పు, 1.5 లోతు అయితే 11.25. మొత్తం 26 క్యూబిక్ మీటర్లు అనుకోవచ్చు. ఇక్కడ వాడిన అద్దెలు, పనితనం లెక్క చూపడానికి తీసుకున్నవి. మీరు మీ ఊరి రేట్లు కనుక్కుని, పనితనాన్ని సగం రోజు నడిపి చూసి కొలిచి వేసుకోవాలి. ఎదుటివాడు నోటితో చెప్పిన పనితనాన్ని నమ్మి లెక్క వేయకండి.

కంప్రెసర్ అద్దె ఇద్దరు మనుషులతో కలిపి రోజుకు 6,000, రోజుకు తీసే బండ 2.5 క్యూబిక్ మీటర్లు అయితే 11 రోజులు, 66,000 రూపాయలు. బ్రేకర్ గంటకు 3,000, ఇరుకు గుంతల్లో గంటకు 1.5 క్యూబిక్ మీటర్లు తీస్తే 18 గంటలు, 54,000 రూపాయలు. ఇంతవరకే చూసినవారు వెంటనే బ్రేకర్‌ను పిలుస్తారు, ఎందుకంటే అది చవకా, వేగమూ కూడా.

ఇప్పుడు మిగతా ఖర్చులు కలపండి. బ్రేకర్‌కు రోజుకు కనీసం 8 గంటల అద్దె ఇవ్వాలన్నది చాలాచోట్ల షరతు. 18 గంటల పని గుంత నుంచి గుంతకు జరుపుకుంటూ మూడు రోజులు పడితే 24 గంటల అద్దె, అంటే 72,000. ట్రెయిలర్ మీద తెచ్చి తిరిగి పంపడానికి 14,000. ఆపరేటరు బ్యాటా రోజుకు 800 చొప్పున 2,400. బ్రేకర్ గీసిన గీత వరకే పగలగొట్టదు, గుంత అంచులు దాటి పగిలిన చోటును మళ్లీ కాంక్రీటుతో నింపాలి. అది మూడు క్యూబిక్ మీటర్లు అయితే, క్యూబిక్ మీటరుకు 5,500 చొప్పున 16,500. అంత పెద్ద యంత్రం స్థలంలో తిరుగుతున్నప్పుడు పక్క గుంతల్లో ఎవరినీ దింపలేరు కనుక మూడు రోజులకు నిలుపుదల ఖర్చు పూర్తిగా 13,500. యంత్రం ఖాళీ అయి రావడానికి నాలుగు రోజులు పడితే, ఆ రోజుల్లో బండ లేని తొమ్మిది గుంతల్లో పని సాగుతుంది కాబట్టి నిలుపుదల సగమే లెక్కించి 9,000. మొత్తం 1,27,400.

కంప్రెసర్ వల్ల అంచులు పెద్దగా చెదరవు, అది ఒక మూలన పనిచేస్తుంటే మరో మూలన కమ్మీ కట్టవచ్చు, మరుసటి రోజే దొరుకుతుంది. 11 రోజులకు నిలుపుదల సగం చొప్పున 24,750. మొత్తం 90,750. క్యూబిక్ మీటరుకు చూస్తే కంప్రెసర్‌తో దాదాపు 3,490 రూపాయలు, బ్రేకర్‌తో 4,900. గంట అద్దె చెప్పిన సమాధానం తలకిందులైంది.

దీన్నిబట్టి కంప్రెసరే ఎప్పుడూ మేలని అనుకోకండి. అదే బండ వెడల్పాటి సెల్లార్ తవ్వకంలో 150 క్యూబిక్ మీటర్లు ఉండి, బ్రేకర్‌కు తిరగడానికి చోటుండి గంటకు 4 క్యూబిక్ మీటర్లు తీయగలిగితే 5 రోజుల్లో 1,20,000 అద్దెతో ముగుస్తుంది. కంప్రెసర్‌కు 60 రోజులు, 3,60,000 అద్దె. అక్కడ ఆలోచించవలసిన పనే లేదు. పరిమాణం, చోటు, వేచి ఉండే రోజులు అన్న మూడింటిలో ఏ ఒక్కటి మారినా సమాధానం మారుతుంది.

ఇంతకంటే ముఖ్యమైన దారి ఇంకొకటుంది, దానిని యంత్రాల యజమానులు ఎవరూ చెప్పరు. బండ తగిలిందంటే నేల మనం అనుకున్నదానికంటే గట్టిదని అర్థం. స్ట్రక్చరల్ ఇంజనీరును ఒకసారి సైటుకు పిలిపిస్తే, ఐదు గుంతల్లో మూడింటిని అంత లోతు పోకుండా బండ మీదే కూర్చోబెట్టి, కమ్మీలు బండలోకి దిగగొట్టి పట్టు ఇవ్వవచ్చునని ఆయన చెప్పవచ్చు. సంపును బండ లేని మూలకు జరపవచ్చు. అప్పుడు తీయవలసిన బండ రెండు గుంతల్లో 5.83 క్యూబిక్ మీటర్లే. కంప్రెసర్ మూడు రోజులు, పైభాగం చదును చేయడానికి మరో రోజు, కలిపి 24,000. నాలుగు రోజుల నిలుపుదల సగం చొప్పున 9,000, ఇంజనీరు ఫీజు 5,000, దిగగొట్టే కమ్మీల ఖర్చు 4,000, సంపు జరిపినందుకు అదనపు పైపులకు 6,000. మొత్తం 48,000. ఐదు వేల ఫీజు నలభై వేలకు పైగా మిగిల్చింది. అయితే ఈ నిర్ణయం ఇంజనీరుదే, మేస్త్రీదీ కాదు, కాంట్రాక్టరుదీ కాదు. కొన్ని పునాదులు బండ మీద, కొన్ని మట్టి మీద ఉంటే భవనం ఒక పక్క మాత్రమే కుంగి గోడలు చీలే ప్రమాదం ఉంటుంది. బండ ఏటవాలుగా ఉన్నా, పైకి బండలా కనిపించేది మట్టిలో ఇరుక్కున్న గుండు రాయి అయినా లెక్క మొత్తం మారిపోతుంది.

అద్దె మాట్లాడేటప్పుడు

నేను పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక రాత్రి ఫోన్‌లో బ్రేకర్ మాట్లాడాను. ఉదయం ట్రెయిలర్ వీధి మొదట్లోకి వచ్చి ఆగింది. అడ్డంగా వేలాడుతున్న కరెంటు తీగల కింద నుంచి అది రాలేదు, యంత్రాన్ని అక్కడే దింపి నడిపించుకు వద్దామంటే మలుపు చాలలేదు. ట్రెయిలర్ రాకపోకల కిరాయీ, ఒక రోజు కనీస అద్దె 8 గంటలూ ఇచ్చి పంపించాను, ఆ యంత్రం మా బండను తాకనే లేదు. యంత్రం యజమాని తప్పేమీ లేదు, దారి ఎలా ఉందో అతడు అడగలేదు, నేను చెప్పలేదు. ఇరవై టన్నుల తరగతి ఎక్స్‌కవేటర్ వెడల్పే సుమారు 2.8 మీటర్లు. వీధి వెడల్పు, మలుపులు, తీగల ఎత్తు, దారిలో ఉన్న డ్రైనేజీ మూతలు అన్నీ ముందురోజు సాయంత్రం నడిచి చూసుకుని, వీడియో తీసి యంత్రం యజమానికి పంపి, వస్తుందని అతనితోనే అనిపించుకోవాలి.

అద్దె షరతులను ఒక్క వాట్సాప్ సందేశంలోనైనా రాసి "ఓకే" అనిపించుకోండి. గంట లెక్క యంత్రం సైటుకు చేరినప్పటి నుంచా, పని మొదలైనప్పటి నుంచా? కనీస గంటలు రోజుకా, మొత్తం పనికా? ఈ రెండో ప్రశ్న మన ఉదాహరణలో 18 గంటలను 24 చేసింది. "మొత్తం మీద 20 గంటలు కనీసం" అని మాట్లాడుకోగలిగితే 12,000 అక్కడే మిగులుతుంది, పైగా దగ్గరలో మరో పని ఉన్న యజమాని దీనికి ఒప్పుకుంటాడు కూడా. డీజిల్ ఎవరిది, చిజిల్ (బండను కొట్టే మొన) అరిగినా, హోస్ పైపు పగిలినా ఎవరి ఖర్చు, ఆ బాగుచేసే సమయం అద్దెలో కలుస్తుందా, పక్కింటి ప్రహరీకో బోరు పైపుకో భూమిలోని కేబుల్‌కో దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, ఆపరేటరుకు లైసెన్సు, యంత్రానికి ఇన్సూరెన్సు ఉన్నాయా అన్నవి మిగిలినవి. డీజిల్ మనదే అయితే, ఉదయం ట్యాంకు నింపి, సాయంత్రం మళ్లీ నింపి ఎన్ని లీటర్లు పట్టిందో చూడటం తప్ప నమ్మదగిన కొలత మరొకటి లేదు.

పక్కింటి గోడల ఫోటోలు బ్రేకర్ మొదలవకముందే, ఆ ఇంటివారిని వెంటబెట్టుకుని తీయండి. పాత పగులు కూడా బ్రేకర్ చప్పుడు విన్న తరువాతే మనిషి కంటికి కనబడుతుంది.

ధర విషయంలో కనీసం ముగ్గురిని అడగడం మంచిదే, అయితే ముగ్గురినీ ఒకే ప్రశ్న అడగాలి. ఒకరు డీజిల్‌తో కలిపి, ఒకరు డీజిల్ లేకుండా, మరొకరు జీఎస్టీ విడిగా చెప్తే ఆ మూడు అంకెలను పక్కపక్కన పెట్టడంలో అర్థం లేదు. యంత్రాల అద్దె మీద సాధారణంగా 18 శాతం జీఎస్టీ పడుతుంది. దానిని బిల్లు వచ్చాక కాక కొటేషన్ రోజే కలుపుకోవాలి. టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయవలసిన సంస్థ మీదైతే, పరిమితి దాటిన యంత్రాల అద్దెపై 2 శాతం కోత ఉంటుందని కూడా ఆరోజే చెప్పేయండి, లేకపోతే చెల్లింపు రోజున గొడవ తప్పదు. ప్రభుత్వ పనుల్లో ఉన్నవారికి రాష్ట్ర ఎస్‌ఎస్‌ఆర్ (ప్రామాణిక ధరల పట్టిక) పుస్తకంలో యంత్రాల గంట అద్దెలు దొరుకుతాయి. అవి మీ ఊరి మార్కెట్ ధరతో కలవకపోవచ్చు గాని, బేరానికి, తరువాత అదనపు ఐటం రేటు విశ్లేషణకు ఆధారంగా పనికొస్తాయి.

డబ్బు ఎవరిది, ఎక్కడినుంచి

ఈ ప్రశ్నకు సమాధానం ఒప్పందంలో ఉంటుంది, లేదా ఎక్కడా ఉండదు. "చదరపు అడుగుకు ఇంత" అని మాట్లాడుకున్న ఇళ్ల పనుల్లో బండ గురించి ఒక్క మాట కూడా రాసి ఉండకపోవడం మామూలు. అలాంటప్పుడు కాంట్రాక్టరు అంతా యజమానిదే అంటాడు, యజమాని అడుగు రేటులోనే అన్నీ ఉన్నాయంటాడు. వీరిద్దరి మధ్య పగిలేది బండ కాదు, పరిచయం. కొత్తగా ఒప్పందం రాసుకునేవారికి నేను చెప్పేది ఒక్క వాక్యం చేర్చమని: "జేసీబీ బకెట్‌తో తీయలేని రాయి తగిలితే, ఉమ్మడి కొలత తీసి, క్యూబిక్ మీటరుకు ఇంత చొప్పున అదనంగా చెల్లించబడుతుంది, నీరు తోడవలసి వస్తే పంపుకు రోజుకు ఇంత." ఆ అంకె ఎంతైనా ఫరవాలేదు, పని మొదలవకముందు ఇద్దరూ సంతకం చేసినదైతే చాలు.

పెద్ద ఒప్పందాల్లో దీనికి గడువులుంటాయి. కేంద్ర ప్రజా పనుల శాఖ సాధారణ షరతుల్లో 12వ క్లాజు కింద అదనపు ఐటం (ఒప్పందంలో లేని పని) వచ్చినప్పుడు, ఆదేశం అందినప్పటి నుంచి లేదా ఆ ఐటం ఎదురైనప్పటి నుంచి 15 రోజుల్లోపు కాంట్రాక్టరు రేటును విశ్లేషణతో సహా కోరవలసి ఉంటుంది. అంతర్జాతీయ నిధులతో జరిగే పనుల్లో వాడే ఫిడిక్ 1999 ఎర్ర పుస్తకం అనే నమూనా ఒప్పందంలో ముందుగా ఊహించలేని భౌతిక పరిస్థితులకు 4.12 ఉపక్లాజు ఉంది, క్లెయిము నోటీసుకు 20.1 ప్రకారం 28 రోజుల గడువు ఉంది. మీ ఒప్పందంలో ఏ సవరణలు చేశారో చదువుకుని, గడువును క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. యంత్రం హడావుడిలో పడి నోటీసు మరిచిపోయినవారికి న్యాయం తమ వైపు ఉన్నా డబ్బు తమ వైపు రాదు.

సొంత ఇల్లు కట్టుకునేవారు అంచనాకు పైన 5 నుంచి 10 శాతం విడిగా పక్కన పెట్టుకోవాలని నా అభిప్రాయం. అందులో ఎంత ఎప్పుడు ఖర్చుపెట్టవచ్చో కూడా ముందే అనుకోవాలి. 40 లక్షల ఇంటికి 5 శాతం అంటే 2 లక్షలు. తెలియని విషయాలు ఎక్కువగా ఉండేది భూమి లోపలే కాబట్టి ఆ రెండు లక్షల్లో సగానికి పైగా ప్లింత్ (పునాది పైన ఇంటి నేల మట్టం) వరకు ఖర్చయినా కంగారుపడనక్కరలేదు. అయితే ప్లింత్ దాటిన రోజున కూర్చుని మిగతా పని మొత్తానికి కొత్తగా లెక్క వేయాలి. బ్యాంకు గృహరుణం దశలవారీగా, ఆమోదించిన అంచనా మేరకే విడుదలవుతుంది, బండ తగిలిందని అదనంగా రాదు. అందువల్ల ఈ ఖర్చు చేతిలోని డబ్బుతోనే తీరాలి.

అది కూడా చాలకపోతే దేనిలో తగ్గించాలి? ప్రహరీ, ముందు ఎలివేషన్ సొగసులు, ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్ వంటివి ఆరు నెలల తరువాత చేసినా ఇంటికి ఏమీ కాదు. కమ్మీ, సిమెంటు పాళ్లు, క్యూరింగ్ రోజులు, వాటర్‌ప్రూఫింగ్ జోలికి మాత్రం పోకూడదు. పునాదిలో పోయిన నలభై వేలను స్లాబు కమ్మీలో రాబట్టుకున్న సైటును నేను చూశాను. అక్కడ మొదటి వానాకాలానికే సీలింగు తడిసింది.

గంటల పుస్తకం

యంత్రం వచ్చిన నిమిషం నుంచి ఒక పుస్తకం నడవాలి. ఎక్స్‌కవేటర్లు, జేసీబీలలో అవర్ మీటర్ ఉంటుంది, చివరి అంకె గంటలో పదోవంతును, అంటే 6 నిమిషాలను చూపుతుంది. ఒక రోజు నమోదు ఇలా ఉంటుంది: ఉదయం 9.10కి మీటరు 4312.6, 11.30కి చిజిల్ పిన్ను ఊడింది, 12.20 వరకు నిలుపుదల, ఇంజను ఆపి ఉంది; 1.30 నుంచి 2.15 భోజనం, 4వ గుంత పూర్తి, 5వ గుంతలో సగం, సాయంత్రం 5.30కి మీటరు 4318.9. తేడా 6.3 గంటలు. ఆపరేటరు, మన సూపర్‌వైజరు ఇద్దరి సంతకాలు. కనీస గంటల షరతు లేని పనికి 8 గంటల బిల్లు వస్తే ఈ పేజీ ఒక్కటే సమాధానం.

మీటరును కూడా పూర్తిగా నమ్మలేం. ఇంజను ఊరికే నడుస్తున్నా అది తిరుగుతుంది. ట్రాక్టరు ముక్కలు ఎత్తడానికి రాలేదని యంత్రం ఇంజను నడుపుతూ నిలబడిందంటే, ఆ గంట అద్దె మన నిర్వహణ లోపానికి మనం కట్టే జరిమానా. అందుకే నిలుపుదలకు కారణం రాసే గడి తప్పనిసరి, ఆ కారణం యంత్రం యజమానిదా మనదా అన్నది అప్పటికప్పుడు తేల్చాలి. సాయంత్రం ఎన్ని క్యూబిక్ మీటర్లు తీశామో చూసి, గంటల అద్దెను దానితో భాగించండి. మొదటి రోజు సాయంత్రానికి అంచనా వేసిన పనితనంలో మూడింట రెండు వంతులు కూడా రాలేదంటే రెండో రోజు ఉదయమే లెక్క మళ్లీ వేయాలి. ట్రెయిలర్ డబ్బు ఎలాగూ పోయిందని అదే యంత్రాన్ని సాగదీయడం చాలా ఖరీదైన మొండితనం.

ఈ ఖర్చంతా మామూలు తవ్వకం ఖాతాలో కలిపేయకుండా ప్రత్యేక పేజీలో రాసి, వారానికోసారి మూడు అంకెలు చూసుకోండి: చెల్లించినది, మాట ఇచ్చి ఇంకా చెల్లించనిది, పని ముగియడానికి ఇంకా కావలసినది. మొదటి అంకె ఒక్కటే చూసేవారికి నెల మధ్య వరకు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

కొనాలా, అద్దెకు తేవాలా

పెద్ద యంత్రాలకు ఈ ప్రశ్నే లేదు. చిన్నవాటికి మాత్రం ఆలోచించాలి. కాంక్రీటును కుదించే నీడిల్ వైబ్రేటర్ 12,000కు దొరికి, రోజు అద్దె 500 అయితే 24 రోజుల వాడకంతో ధర తీరిపోతుంది. మూడు స్లాబులు, పిల్లర్లు, బీములు కలిపి ముప్ఫై రోజులు కాంక్రీటు పోసే ఇంటికి కొనడమే నయం, ఆఖరున ఎంతో కొంతకు అమ్ముడుపోతుంది కూడా. నీరు తోడే డీజిల్ పంపు 30,000 ధర, 800 అద్దె అయితే 38 రోజులు వాడితే తప్ప గిట్టదు, ఇరవై రోజుల ఊటకు అద్దె మేలు.

స్లాబు రోజున మాత్రం ఈ భాగహారం పనిచేయదు. కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతూ, ముప్ఫై మంది పైకీ కిందికీ ఎక్కి దిగుతూ ఉండగా వైబ్రేటర్ ఆగిపోతే అద్దె ఎంతన్నది ఎవరూ అడగరు. ఐఎస్ ప్రమాణాల ప్రకారం సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు గట్టిపడటం మొదలయ్యే సమయం కనీసం 30 నిమిషాలు ఉండాలి. ఎండాకాలపు ఆంధ్రలోనో తెలంగాణలోనో మధ్యాహ్నం రెండింటికి మన చేతిలో ఉన్న వ్యవధిని ఊహించుకోండి. రెడీమిక్స్ అయితే ఐఎస్ 4926 ప్రకారం సాధారణంగా లారీలో నింపిన రెండు గంటల్లోపు దించాలి, ఈలోగా వెనక నిలబడ్డ లారీలకు వెయిటింగ్ చార్జీలు వేరే. అందువల్ల ఆరోజుకు రెండో వైబ్రేటర్, ఒక అదనపు నీడిల్, కరెంటు మోటారు ఉన్నచోట జనరేటరు సిద్ధంగా పెట్టుకోవాలి. ఆ వెయ్యి, రెండు వేల అద్దె వాడకుండానే పోయినా దానిని నష్టంలో రాయకండి.

యంత్రాన్ని పంపేటప్పుడు

పని అయిపోయిన యంత్రం సైటులో ఉన్న ప్రతి పూటా అద్దె పెరుగుతూనే ఉంటుంది. ముందురోజు మధ్యాహ్నమే "రేపు సాయంత్రంతో పని ముగుస్తుంది, ట్రెయిలర్ పంపండి, ఆ తరువాత అద్దె మాది కాదు" అని సందేశం పంపి జవాబు తీసుకోండి. ట్రెయిలర్ రాకపోతే ఆ రాత్రి కాపలా ఎవరిదో కూడా అందులోనే రాయండి. గేటు దాటే ముందు చివరి మీటరు రీడింగు, యంత్రం నాలుగు వైపులా ఫోటోలు, గుంతల చివరి కొలతలు తీసి, బిల్లు ఆ రోజే అడగాలి. వారం ఆగితే గంటలు ఇద్దరి జ్ఞాపకాల్లో రెండు రకాలుగా మిగులుతాయి.

తరువాత ఆ పుస్తకంలో చివరి పేజీ మీద, ఈ వీధిలో బండ ఎన్ని అడుగులకు తగిలింది, ఏ యంత్రం గంటకు ఎంత తీసింది, అన్నీ కలిపి క్యూబిక్ మీటరుకు ఎంత పడింది అన్నది నాలుగు వరుసల్లో రాసి పెట్టుకోండి. అదే వీధిలో మరో స్థలం వాళ్లు అంచనా అడగడానికి వస్తే, ముందు ఆ పేజీ తీయండి, తరువాత జేసీబీని ఒక్క పూటకు పిలిపించి స్థలంలో మూడు నాలుగు చోట్ల పరీక్ష గుంతలు తవ్వించి, ఆపైనే అడుగు రేటు చెప్పండి.